గేర్‌బాక్సులోని ఎర్ర నూనె

బండి ఇరుసుకు పూయు జిడ్డునకు మన పెద్దలు కందెన అని పేరు పెట్టిరి. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదములో కలిపి, ఒక వెదురు గొట్టములో నింపి, బండి క్రింద వ్రేలాడగట్టుకొనెడివారు. ఇరుసు కిర్రుమన్నప్పుడు బండివాడు దారిలోనే ఎడ్లను నిలిపి, చక్రమును సడలించి, తన చేతితోనే కందెన పెట్టి సాగిపోయెడివాడు. ఏ నూనె, ఎంత, ఎప్పుడు అను మూడు ప్రశ్నలకును సమాధానము అతని వద్దనే యుండెను.

మోటారు కారు వచ్చిన తరువాత ఆ మూడు ప్రశ్నలును అట్లే మిగిలినవి. సమాధానములు మాత్రము ఒక్కొక్కటిగా యజమాని చేతినుండి జారిపోయినవి. ఇట్లు జారిపోయిన వైనమునే మేమీ ప్రసంగములో చెప్పదలచితిమి. అందులకు ఒక చిన్న వస్తువును ఎన్నుకొంటిమి. అది తనంతట తానే గేర్లు మార్చుకొను కారులో, గేర్‌బాక్సునందుండు ఎర్ర నూనె. దానిని ఇంటివద్ద స్వయముగా మార్చుకొనుట ఒకప్పుడు అమెరికా గృహస్థులలో చాలమందికి సెలవునాటి పని. ఆ నూనె ఎట్లు పుట్టినది, అందులో ఏమి కలిసియుండినది, దానిని పరీక్షించు పుల్ల కారునుండి ఎట్లు మాయమైనది అను విషయములు వినోదము కొరకే గాక, మన ఊళ్లలో ఇట్టి కార్లు పెరుగుచున్న ఈ దినములలో ఉపయోగమునకు కూడ పనికివచ్చునని మా నమ్మకము.

పెట్రోలు ఇంజనుకు ఒక బలహీనత కలదు. అది మెల్లగా తిరుగునప్పుడు దానికి బలము చాలదు. కనుక బండిని కదలించుటకు ఒక గేరు, పరుగు తీయించుటకు మరియొక గేరు కావలసి వచ్చెను. గేరు మార్చునప్పుడెల్ల ఇంజనును చక్రములనుండి క్షణకాలము విడదీయుటకై క్లచ్చి ఏర్పడెను. తొలినాటి కార్లలో రెండు పండ్లచక్రముల వేగము సరిపోలనిచో అవి ఒకదానినొకటి కొరుకుకొని పెద్ద చప్పుడు చేసెడివి. ఈ బాధను తగ్గించుటకు వాని వేగములను ముందే సమానము చేయు ఏర్పాటును అమెరికాలో కాడిలాక్ కారులో 1928లో ప్రవేశపెట్టిరి. దానిని రూపొందించిన ఇంజనీరు ఎర్ల్ థాంప్సన్. తరువాతి దశాబ్దములో క్లచ్చి పెడలునే తొలగింపబూనిన బృందమునకు నాయకత్వము వహించినదియు ఆయనయే.

ఆ బృందమునకు ఆధారమైన ఆలోచన మోటారు కార్లలో పుట్టినది కాదు, ఓడలలో పుట్టినది. ఆవిరి టర్బైను మిక్కిలి వేగముగా తిరుగును. ఓడను నడపు పంకా మెల్లగా తిరుగవలెను. ఈ రెండింటికిని నడుమ ఇనుప పండ్లకు బదులు ద్రవమును వాడవచ్చునని జర్మనీలోని స్టెట్టిన్ ఓడల కర్మాగారమున పనిచేయుచున్న హెర్మన్ ఫాటింగర్ కనుగొని, 1905లో పేటెంటు పొందెను. స్టెట్టిన్ నగరము నేడు పోలండు దేశములో నున్నది. ఫాటింగర్ ఆలోచనను తెలిసికొనుట కష్టము కాదు. రెండు విద్యుత్ పంకాలను ఎదురెదురుగా నిలిపి, ఒకదానిని మాత్రమే నడిపినచో, దాని గాలి తగిలి రెండవదాని రెక్కలు కూడ మెల్లగా తిరుగుట మొదలిడును. గాలికి బదులుగా నూనెను పోసి, రెండు పంకాలను ఒకే డిప్పలో మూసినచో అదే ద్రవపు జోడింపు. ఇంజను ఒక పంకాను త్రిప్పును. నూనె రెండవ పంకాను త్రిప్పును. నడుమ ఇనుమునకు ఇనుము తగులదు. బండి నిలిచియున్నప్పుడు ఇంజను ఆగిపోదు, ఏలయన నూనె జారుచు పోవును.

ఈ జోడింపునకు నాలుగు గేర్ల పెట్టెను చేర్చి, జనరల్ మోటార్స్ కంపెనీ హైడ్రామాటిక్ అను పేరుతో 1939లో ప్రకటించెను. అది 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కార్లలో బజారునకు వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధములో అమెరికా సైన్యపు ఎం 5 తేలిక ట్యాంకులో రెండేసి కాడిలాక్ ఇంజనులకు ఈ పెట్టెలనే బిగించిరి. యుద్ధానంతరము 1948 మోడలు బ్యూక్ కారులో వచ్చిన డైనాఫ్లో అను పెట్టెలో రెండు పంకాల నడుమ మూడవ రెక్కల చక్రమును చేర్చి, ఇంజను బలమును అందించుటయే గాక హెచ్చించు ఏర్పాటు కూడ చేసిరి. దీనినే టార్క్ కన్వర్టరు అందురు. 1950లో షెవ్రొలే, 1951లో ఫోర్డు తమ సామాన్యపు కార్లలో కూడ ఇట్టి పెట్టెలను అందించిరి. ఆ దశాబ్దము ముగియునాటికి అమెరికాలో అమ్ముడగు క్రొత్త కార్లలో సగమునకు మించి క్లచ్చి లేని కార్లే.

డ్రైవరు ఎడమకాలికి విశ్రాంతి దొరికెను. ఆ కాలు చేసిన పని మాత్రము నూనె నెత్తిన పడెను. ఇంజను నూనె చేయు పని ముఖ్యముగా జారుడు కలిగించుట, వేడిని తీసికొనిపోవుట. గేర్‌బాక్సులోని ఈ నూనె ఆ రెండును చేయుచు, అదనముగా మరి మూడు పనులు చేయవలెను. పంకానుండి పంకాకు బలమును మోయవలెను. సన్నని మార్గములగుండ ఒత్తిడితో ప్రవహించి, ఏ గేరు ఎప్పుడు పడవలెనో ఆ క్లచ్చి బిళ్లలను నొక్కవలెను. ఆ బిళ్లలు నూనెలోనే మునిగియుండును గనుక, అవి పరస్పరము పట్టుకొనునప్పుడు తగినంత జారుడును తగినంత పట్టును కూడ ఈయవలెను. జారుడు హెచ్చైనచో బిళ్లలు రాపిడితో మాడిపోవును. పట్టు హెచ్చైనచో గేరు పడినప్పుడెల్ల కారు కుదుపు తినును. జారవలెను, జారకూడదు, ఒకే ద్రవము రెండింటికిని ఒప్పుకొనవలెను. ఇంజను నూనె ఈ పనికి చాలదని త్వరలోనే తేలెను.

జనరల్ మోటార్స్ వారు 1949లో ఈ నూనెకు ఒక కొలమానమును నిర్ణయించి, టైప్ ఏ అని పేరిడిరి. ఆ కొలమానమునకు నిలిచిన నూనెను ఏ నూనె కంపెనీయైనను తయారుచేసి డబ్బాలలో అమ్మవచ్చును. ఇది గృహస్థునకు గొప్ప మేలు. కారు అమ్మిన దుకాణమునకే పోనక్కరలేకుండ, వీధి చివర పెట్రోలు బంకులో డబ్బా కొని తెచ్చుకొనగలిగెను. నూనెకు ఎర్రరంగు వేయుట కూడ ఆయనకు సాయమే. కారు నిలిపిన చోట నేలమీద నల్లని మరక కనిపించినచో ఇంజను కారుచున్నది. ఎర్రని మరకయైనచో గేర్‌బాక్సు కారుచున్నది. చదువు లేనివానికి కూడ అర్థమగు భాష అది.

నాటి కార్లతోపాటు ఇచ్చెడి పుస్తకములలో ఈ నూనెను సుమారు 25,000 మైళ్ల కొకమారు మార్చవలెనని వ్రాసియుండెడిది. కారణము వేడి. పంకాల నడుమ జారునప్పుడు పోవు బలమంతయు వేడిగా మారును. వేడిలో నూనె గాలితో కలిసి పులిసినట్లు మారిపోవును. ఈ వృత్తిలోనివారి స్థూలమైన లెక్క ప్రకారము, నూనె వేడి ప్రతి 10 డిగ్రీలు హెచ్చినకొలది దాని ఆయువు సగమగును. బరువులు లాగు కార్లకు, కొండదారుల కార్లకు, ఆగుచు సాగుచు పోవు పట్టణపు కార్లకు గడువు తగ్గించి చెప్పుట ఇందువలననే.

ఇంటివద్ద ఈ పని ఎట్లు జరిగెడిదో, అట్టి కార్లున్నచోట నేటికిని ఎట్లు జరుగుచున్నదో చూతము. మొదట కారును కొంతదూరము నడిపి నూనెను వెచ్చచేయుదురు. వెచ్చని నూనె మడ్డితో సహా దిగివచ్చును. మరిగిన నూనె చేతిని కాల్చును గనుక కొంత ఆరనిత్తురు. తరువాత చదునైన నేలమీద కారును జాకీతో ఎత్తి, గట్టి స్టాండ్లమీద నిలిపి, చక్రములకు అడ్డు పెట్టి, అప్పుడే క్రిందికి దూరవలెను. జాకీ ఒక్కదానినే నమ్మి కారు క్రింద దూరుట ప్రాణముతో ఆడుకొనుటయే. గేర్‌బాక్సు అడుగున ఒక రేకు పళ్లెము చుట్టును బోల్టులతో బిగించియుండును. నూనె దించుటకు బిరడా ఉన్నచో దానినే విప్పవచ్చును. లేనిచో బోల్టులను ఒక ప్రక్క ఎక్కువగాను, ఒక ప్రక్క తక్కువగాను సడలించినచో, పళ్లెము ఆ వైపునకు వంగి, క్రింద పెట్టిన తొట్టిలోనికి నూనె దిగును.

పళ్లెము విప్పినవానికి ఆ పెట్టె జాతకము కనబడును. అడుగున ఒక అయస్కాంతముండును. దానికి మెత్తని బూడిదరంగు ముద్ద అంటియున్నచో అది సహజమైన అరుగుదల. మెరయు ఇనుప ముక్కలున్నచో లోపల ఏదియో విరిగినది. నల్లని పెచ్చులున్నచో క్లచ్చి బిళ్లల పూత రాలుచున్నది. నూనె మాడిన వాసన వేసినచో పెట్టె వేడెక్కి బాధపడినదని అర్థము. తరువాత లోపలి వడపోతను మార్చి, పళ్లెమును శుభ్రము చేసి, క్రొత్త ప్యాకింగు పెట్టి, బోల్టులను ఒకదానికెదురుగా నొకటి కొంచెము కొంచెముగా బిగింతురు. తుడుచు గుడ్డ దారములు రాలనిది కావలెను. ఒక్క దారపు పోగు సన్నని వాల్వులో చిక్కుకొన్నను గేరు పడదు.

దించిన నూనెను కొలిచి అంతే పోసి, ఇంజను నడిపి, మీటను అన్ని స్థానములకును ఒకమారు త్రిప్పి, పుల్లతో మట్టము చూతురు. తక్కువైనచో పంపు గాలిని పీల్చును. ఎక్కువైనచో తిరుగు చక్రములు నూనెను చిలికి నురుగు చేయును. నురుగునకు ఒత్తిడి నిలువదు. రెండింటి ఫలితమును ఒకటే, గేరు జారుట. మట్టమును చాల కార్లలో ఇంజను నడచుచుండగా చూడవలెను, కొన్నింటిలో ఆపి చూడవలెను. ఇందులో మనయూహ పనికిరాదు. కంపెనీ పుస్తకమే ప్రమాణము.

ఇంతవరకు చెప్పినది యంత్రముల సంగతి. ఆ తొట్టిలోనికి దిగిన ఎర్ర నూనెలో మరియొక సంగతి కలిసియుండినదని నాటి గృహస్థులలో బహుకొద్దిమంది మాత్రమే ఎరుగుదురు. జారుడును పట్టును సరితూచుటకు జనరల్ మోటార్స్ కొలమానపు నూనెలలో కలిపిన పదార్థములలో స్పెర్మ్ తిమింగలపు నూనె యొకటి. ఈ తిమింగలము వేయి మీటర్లకు మించిన లోతునకు మునుగగల జంతువు. దాని పెద్ద తలలోను, చర్మము క్రింది క్రొవ్వులోను ఉండు నూనె, మనము వంటలో వాడు నూనెలవంటిది కాదు. రసాయన దృష్టిలో అది ద్రవరూపమున నున్న మైనము. చలికి త్వరగా గడ్డకట్టదు, వేడికి త్వరగా చెడదు, లోహమును పలుచని పొరగా అంటిపెట్టుకొనును. క్లచ్చి బిళ్లలు మెత్తగా పట్టుకొనుటకు ఇంతకంటె అనుకూలమైన వస్తువు ఆనాడు చౌకగా దొరకలేదు.

ఇచట చరిత్రలో ఒక వింత కలదు. 19వ శతాబ్దిలో అమెరికాలోను, ఐరోపాలోను ఇండ్లలో దీపములకు తిమింగలపు నూనెను కాల్చిరి. 1859లో పెన్సిల్వేనియాలో డ్రేక్ అను నాయన త్రవ్వించిన బావిలో నూనె పడిన పిమ్మట కిరోసిను చౌకయై దీపములనుండి తిమింగలపు నూనెను తరిమివేసెను. భూమినూనె తిమింగలమును బ్రతికించెనని చాలమంది చెప్పుకొనిరి. కాని ఆ భూమినూనెతో నడచు కారే మరల తిమింగలపు నూనెను కోరెను. తోళ్ల పరిశ్రమ, మిల్లు యంత్రములు, లోహపు పనులు కూడ దానిని కోరినవి. ఆవిరియోడలు, పేలు ఈటెలు వేటను సులభము చేసినవి. 1960ల దశాబ్దిలో కొన్ని సంవత్సరములు ప్రపంచమంతటను ఏటేట 20,000కు మించి స్పెర్మ్ తిమింగలములను చంపిరి. తెరచాప ఓడల కాలమున రెండు శతాబ్దులలో చంపినవానికంటె 20వ శతాబ్దిలో చంపినవి రెండింతలకు మించినవని పండితుల అంచనా. ఈ వేటకెల్ల గేర్‌బాక్సే కారణమనుట న్యాయము కాదు. దానికిని అందులో పాలు కలదనుట మాత్రము నిజము.

1970లో అమెరికా ప్రభుత్వము స్పెర్మ్ తిమింగలమును అంతరించుచున్న జీవుల జాబితాలో చేర్చెను. కాలిఫోర్నియాలోని రిచ్‌మండు వద్ద ఆ దేశపు చివరి తిమింగల వేట కేంద్రము 1971లో మూతపడెను. 1972లో సముద్ర క్షీరదముల సంరక్షణ చట్టము, 1973లో అంతరించుచున్న జీవుల చట్టము వచ్చినవి. నూనె రసాయనికులకు హఠాత్తుగా ప్రత్యామ్నాయము కావలసి వచ్చెను. జనరల్ మోటార్స్ వారు 1967లో డెక్స్‌రాన్ అను క్రొత్త కొలమానమును తెచ్చియుండిరి. 1970ల తొలిభాగములో తిమింగలపు నూనె లేని డెక్స్‌రాన్ 2 దాని స్థానమును పొందెను. మార్పు సుఖముగా జరుగలేదు. క్రొత్త కూర్పు నూనెను చల్లార్చు భాగముల లోహమును తినివేయుచుండుట గమనించి మరల సవరించవలసి వచ్చెను. గేర్‌బాక్సుల మరమ్మతులు పెరిగినవని అప్పటి అమెరికా పత్రికలు వ్రాసినవి. అయినను కొన్ని సంవత్సరములలోనే కృత్రిమ పదార్థములు ఆ లోటును తీర్చినవి. అమెరికా, మెక్సికో ఎడారులలో పెరుగు జొజోబా అను పొద గింజలలో తిమింగలపు నూనెను పోలిన ద్రవ మైనము కలదని తెలిసి, దాని సేద్యము కూడ పెరిగెను. మన రాజస్థానములో సైతము ఆ పొదను నాటిరి. అంతర్జాతీయ తిమింగల సంఘము 1982లో వాణిజ్యపు వేటను నిలుపుటకు తీర్మానించెను.

మేమిచట గమనింపదగినదిగా భావించు విషయమొకటి కలదు. తిమింగలము లేనిదే గేరు పడదని ఎవరును తీర్మానించి పరీక్షింపలేదు. అది చౌకగా దొరకెను, కనుక వాడిరి. చట్టము వద్దన్న తరువాత మానిరి, కార్లు ఆగిపోలేదు. కారు క్రింద పడుకొని తొట్టి పట్టిన గృహస్థునకు ఆ డబ్బామీద ఈ సంగతి కనబడియుండినచో ఆయన ఏమనెడివాడో చెప్పలేము. అడుగుటకైనను ఆయనకు అవకాశము కలుగలేదు. ఏ నూనె అను మొదటి ప్రశ్న యొక్క సమాధానము ఇట్లు ఆయన చేయి దాటినది.

ఆ ప్రశ్న తరువాత మరింత చిక్కుపడెను. ఫోర్డు కంపెనీ తన పెట్టెలకు టైప్ ఎఫ్ అను వేరొక నూనెను నిర్ణయించెను. దానిలో జారుడు కలుగజేయు పదార్థములు లేవు, పట్టు గట్టిగానుండును. దానిని డెక్స్‌రాన్ కోరు పెట్టెలో పోసినచో కుదుపులు. డెక్స్‌రానును దీనిలో పోసినచో జారుడు. 1987లో ఫోర్డు మెర్కాన్, 1993లో డెక్స్‌రాన్ 3, 2005లో డెక్స్‌రాన్ 6 వచ్చినవి. జపాను, జర్మనీ కంపెనీలు తమతమ నూనెలను నిర్ణయించినవి. రంగు చూచి నూనెను పోల్చుకొను కాలము కూడ పోయెను. నేడు పచ్చని నూనెలును, నీలపు నూనెలును కలవు. ఈ మార్పులన్నియు వ్యాపారపు ఎత్తులే యని తలచుట తప్పు. పెట్టెలలో గేర్లు నాలుగునుండి ఆరు, ఎనిమిది, పది వరకు పెరిగినవి. నూనె పలుచబడవలసి వచ్చెను. కాని కొలమానము ఒకటియై, ఎవరైనను చేసి అమ్మగల నూనె స్థానములో, ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క నూనె వచ్చుటచే గృహస్థు మరల దుకాణము గుమ్మమువద్దనే నిలువవలసి వచ్చెను.

ఎంత, ఎప్పుడు అను మిగిలిన రెండు ప్రశ్నలును అదే దారి పట్టినవి. పూర్వము అనేక కార్లలో టార్క్ కన్వర్టరునకు కూడ ఒక బిరడా ఉండెడిది; దానిని విప్పి అందులోని నూనెను సైతము దించెడివారు. క్రమముగా చాల కంపెనీలు ఆ బిరడాను తీసివేసినవి. తరువాత కాలమున అనేక కార్లలో మట్టము చూచు పుల్లయే పోయెను. దాని స్థానమున పెట్టె ప్రక్క ఒక బిరడా మిగిలెను. నూనె వేడి నియమిత డిగ్రీలలో నున్నప్పుడు, కారు సమతలముగా ఎత్తబడియుండగా, ఇంజను నడచుచుండగా దానిని విప్పి, నూనె సన్నగా పొర్లువరకు నింపవలెను. ఇది అసాధ్యము కాదు, కాని ఇంటి వాకిట చేయు పనియు కాదు. పైగా ఆ నూనె జీవితకాలమునకు సరిపోవునని, మార్చనక్కరలేదని కొన్ని కంపెనీలు పుస్తకములలో వ్రాయసాగినవి.

ఎవరి జీవితకాలము? కారుదా, పెట్టెదా, నూనెదా? ఇది వేళాకోళపు ప్రశ్న కాదు. అట్టి కార్లలో కొన్నింటికి పెట్టెలను తయారుచేయు జర్మనీలోని జెడ్.ఎఫ్. అను సంస్థ, 1915లో జెప్పెలిన్ విమాననౌకలకు గేర్లు చేయుటకు స్థాపింపబడినది. ఆ సంస్థయే తన పెట్టెలలోని నూనెను 80,000 నుండి 1,20,000 కిలోమీటర్ల లోపల, లేదా 8 సంవత్సరములకు మించకుండ మార్చుట మంచిదని సలహా యిచ్చుచున్నది. పెట్టెను చేసినవాడు మార్చుమనును. కారును అమ్మినవాడు అక్కరలేదనును. రెండు మాటలకును నడుమ కారు కొన్నవాడు నిలిచియున్నాడు. గడువు తీరిన పిమ్మట చెడిన పెట్టెకు వెల చెల్లించువాడును అతడే.

పాత నూనెను కదలించినచో గేర్‌బాక్సు చెడునను మాట కూడ చాలచోట్ల వినబడును. దీనిలో నిజమెంత? ఎన్నో ఏండ్లు మార్చని పెట్టెలో బిళ్లలు అప్పటికే అరిగియుండును. గేరు జారుట మొదలైన తరువాత నూనె మార్చినచో జారుడు ఆగదు. కొలది దినములకు పెట్టె ఆగిపోవును. నెపము క్రొత్త నూనెమీద పడును. నూనె మందు కాదు, ఆహారము వంటిది. వేళకు పెట్టినదే మేలు చేయును. ఒక్కసారిగా యంత్రముతో ఒత్తిడి పెట్టి కడుగుటకంటె, పళ్లెములోని నూనెను మాత్రము దించి, అంతే పోయుట నెమ్మదియైన పద్ధతి. దాని లెక్క ఇట్లుండును. మొత్తము 10 లీటర్లు పట్టు పెట్టెలో ఒకమారు 4 లీటర్లు దిగునని అనుకొందము. మొదటిమారు మార్చినప్పుడు నూటికి 40 పాళ్లు క్రొత్త నూనె. కారు కొంత నడచి కలిసిన తరువాత రెండవమారు మార్చినచో 64 పాళ్లు. మూడవమారు మార్చినచో 78 పాళ్లు. ఎంత మార్చినను పాతది కొంత మిగిలియే యుండును. పళ్లెము నూనె ఒకమారు దించి, అంతయు మారినదని తలచుట పొరపాటు.

మన దేశపు సంగతి కొంత చెప్పవలెను. అంబాసిడరు, ఫియటు కార్ల కాలమున మనకు ఈ ఎర్ర నూనెతో పరిచయము తక్కువ. క్లచ్చిని నొక్కుచునే తరములు గడచినవి. 2014లో మారుతి కంపెనీ సెలేరియో కారులో క్లచ్చి పెడలు లేని చౌకయైన ఏర్పాటును తెచ్చిన తరువాత, హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణముల రద్దీలో ఇట్టి కార్లపై మోజు పెరిగెను. అయితే క్లచ్చి పెడలు లేని ప్రతి కారును ఒకటే జాతి కాదు. సెలేరియోలోనిది మామూలు గేర్‌బాక్సే. కాలికి బదులు యంత్రము క్లచ్చిని నొక్కును. దానిలో పైన చెప్పిన నూనె ఉండదు, సాధారణ గేరు నూనె ఉండును. కొన్ని కార్లలో ఉక్కు పట్టా రెండు కప్పీలమీద నడచును; దానికి పట్టునిచ్చు ప్రత్యేకమైన నూనె కావలెను. కొన్నింటిలో రెండు క్లచ్చిలుండును. కొన్నింటిలో మాత్రమే టార్క్ కన్వర్టరు. ఒకదాని నూనెను మరియొకదానిలో పోసినచో పెట్టెయే పోవును. మెకానిక్కు ఎంత మంచివాడైనను, డబ్బామీది పేరును కంపెనీ పుస్తకములోని పేరుతో యజమాని తన కన్నులతో సరిచూచుకొనుట మంచిది. ఎండలు మండు మన మెట్టప్రాంతములలో, ఆగుచు సాగుచు నడచు పట్టణపు వీధులలో, పుస్తకము కఠినమైన వాడుకకు చెప్పిన తక్కువ గడువే మనకు వర్తించును.

దించిన పాత నూనెను ఏమి చేయవలెనన్నది కూడ ఈ పనిలో భాగమే. దానిని మురుగుకాలువలో పోయుట, దుమ్ము అణగుటకు వాకిట చల్లుట, పొయ్యిలో కాల్చుట తగనివి. లోహపు పొడియు, మాడిన రసాయనములును కలిసిన ఆ నూనె నేలలోనికి ఇంకి బావినీటిని చెరచును. మూత బిగించిన డబ్బాలో పోసి, పాత నూనెను శుద్ధిచేయువారికి చేర్చు గ్యారేజీలో అప్పగింపవలెను. తిమింగలపు వేటకు చట్టము అడ్డుపడినది. మన వీధి చివరి కాలువకు మన వివేకమే అడ్డుపడవలెను.

అందరును కారు క్రింద దూరి పానా పట్టవలెనని మా అభిప్రాయము కాదు. పరికరములు, చదునైన నేల, సహనము లేనివారు ఆ పనిని నేర్చినవానికి అప్పగించుటయే క్షేమము. కాని పని అప్పగించుట వేరు, తెలివి అప్పగించుట వేరు. క్లచ్చి పోయి కాలికి సుఖము కలిగినప్పుడు ఆ శ్రమ ఎక్కడికి పోయినదని ఎవరును అడుగలేదు; అది నూనెలోనికి పోయినది. నూనె మెత్తగా పనిచేసినప్పుడు ఆ మెత్తదనము ఎక్కడిదని ఎవరును అడుగలేదు. అది సముద్రమునుండి వచ్చినది. పెట్టెను మూసి, ఇక చూడనక్కరలేదన్నప్పుడు కూడ అడుగకుండుట తగదు. కారు కొనునప్పుడు రంగును, ధరను, మైలేజీని విచారించు మనము, ఈ పెట్టెలో ఏ నూనె, ఎంత, ఎప్పుడు అని కూడ అడిగి, వచ్చిన సమాధానమును వ్రాయించుకొనుట మేలు. చెప్పలేని దుకాణముకంటె చెప్పగల దుకాణమే నమ్మదగినది.